చిన్నాయన ప్రార్థనలో వియత్నామాయన

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే కొట్టాల పక్కగా పోతుంటే తడిసిన రాతిపొడి వాసన ఇప్పటికీ నన్ను నిలబెట్టేస్తుంది. ఆ వాసన వెంట టక్కుటక్కుమని పింగ్‌పాంగ్ బంతి చప్పుడొకటి ఇంత వయసొచ్చినా చెవుల్లో మొదలవుతుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా చిన్నాయన ఆళ్లగడ్డ బడిలో డ్రాయింగు మాస్టరు. మద్రాసులో చదివేటప్పుడు ఒక ప్రదర్శన ఆటలో వియత్నాం కుర్రాణ్ణి చూశాడట. పీలగా ఉండి, బ్యాటును కలం పట్టినట్టు పట్టి, గొప్పగొప్పవాళ్లకు చెమటలు పట్టించాడట. ఆ కుర్రాడి పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగక వియత్నామాయన అనేవాళ్లం. ఎప్పటికైనా ఆయనకు ఎదురు నిలిచి ఒక్క ఆట ఆడాలని చిన్నాయన పంతం.

"ఆయప్ప యాడ, నువ్వు యాడప్పా!" అని మా నాయన నవ్వేవాడు.

ఆళ్లగడ్డలో రాయికి కరువు లేదు, చెక్క బల్లే దొరకదు. చిన్నాయన శిల్పుల చేత రెండు బండలు నున్నగా తీయించి, పొట్టి రాతికూసాల మీద పరిచి, అమ్మ పాత చీర అంచును వలగా కట్టాడు. ఎదురు ఆడేదాన్ని నేనే. ఎండాకాలం పొద్దు వాలాక కాలిన బండ మీద నీళ్లు చల్లితే ఆవిరి లేచేది, అమ్మ బొరుగుల ఉగ్గాని తెచ్చేది, సొట్టపడిన బంతి వేణ్ణీళ్లలో వేస్తే మళ్లీ ఉబ్బేది, క్రిస్మస్ వస్తే కజ్జికాయ నోట్లో ఉండగానే చిన్నాయన బంతి విసిరేవాడు. ఊళ్లో ఆయన్ని గెలిచినవాడు లేడు.

రోజూ సాయంత్రం చాపల మీద ఇంటిల్లిపాదికీ ప్రార్థన. జబ్బుపడినవాళ్ల కోసం, వానల కోసం అడిగాక చిన్నాయన వంతు వచ్చేది. "ప్రబువా, ఆ వియత్నామాయన్ని సల్లగా సూడు, నేనొచ్చేదాకా ఆట ఇడిసిపెట్టనీయొద్దు." మేము పమిటల్లో నవ్వు దాచుకునేవాళ్లం. పేపర్లో అప్పుడప్పుడు వియత్నామాయన గెలుపు రెండు ముక్కల్లో పడేది. కొన్నాళ్లకు అదీ ఆగిపోయింది, ఆ దేశంలో గొడవలని మాత్రం రేడియోలో వినపడేది.

వియత్నామాయన దాకా పోవడానికి మొదటి మెట్టు జిల్లా జట్టు, దాని ఎంపిక నంద్యాలలో జరిగింది. నన్నూ బస్సులో తీసుకుపోయాడు. అక్కడిది చెక్క బల్ల. రాయి మీద చివ్వున లేచే బంతి చెక్క మీద మెల్లగా, కిందుగా వస్తోంది. ఇన్నేళ్లు రాతికి మరిగిన చెయ్యి ప్రతిసారీ బంతి రాకముందే పోయి గాలిని కొట్టింది. చూసేవాళ్లు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. తిరుగు బస్సులో "ఏమైంది సిన్నాయనా?" అంటే, "రాయి మోసం జేసె పాపా" అన్నాడంతే.

ఆ సాయంత్రం ప్రార్థనలో వియత్నామాయన మాట రాలేదు.

"ఏందప్పా, ఆయప్పను మర్సినావా?" అన్నాడు నాయన.

"సచ్చినోళ్లకు మనం ప్రార్తన చెయ్యం గదన్నా."

ఆయన చనిపోయాడని ఏ పేపరూ రాయలేదు, ఎవరూ చెప్పలేదు. చిన్నాయన ముఖం చూసి నాయన చాప చుట్టేశాడు. ఆ తర్వాత చిన్నాయన బ్యాటు ముట్టలేదు.

చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. బండలు ఎవరి ప్రహరీలో కలిశాయో తెలియదు, ఇల్లంతా చాపల మీద కూర్చునే రోజులూ పోయాయి. ఇప్పుడు సాయంత్రాలు ఒక్కదాన్నే కళ్లు మూసుకుంటాను. పోయినవాడు కాబట్టి చిన్నాయన కోసం అడగకూడదు, మా సంఘం తీరు అంతే. వియత్నామాయన దగ్గరికి వచ్చేసరికి, ఉన్నాడో పోయాడో తెలియక ఆగిపోతాను. అడగాలన్నా నాకు ఆయన పేరు రాదు. ఎక్కడో నిక్షేపంగా బతికున్న మనిషిని ఆ సాయంత్రం మా ఇంట్లో చంపేశామేమోనన్న భయం మాత్రం నన్ను ఇంకా వదల్లేదు.