తుమ్మనీళ్లలో ముంచిన చేతులు

పులికాట్ సరస్సులో నడుంలోతు నీళ్లలో వంగి, బురదలో తడుముతూ రొయ్యలు పట్టడం మా అమ్మ పని. పళ్లతో కరిచి పట్టుకున్న తాటాకు బుట్టలో వాటిని వేసేది. రొయ్యలు కాంట్రాక్టరువి, కూలి అమ్మది, ముళ్లు గుచ్చుకున్న పుళ్లు కూడా అమ్మవే.

అరవైల మొదట్లో, నాన్న పోయిన ఏడాది, సూళ్లూరుపేటలో ఒక డాక్టరమ్మ చిన్న ఆసుపత్రి పెట్టింది. ఆయా కావాలంటే, అక్కడ పాలు పోసే ఒకావిడ మా అమ్మ సంగతి చెప్పింది. నెల జీతం, నెత్తిన కప్పు, ఒంటికి పొడి చీర. అంతకంటే అమ్మ ఏమీ కోరలేదు.

పుళ్లతో పోతే ఎవరు పెట్టుకుంటారని అమ్మకు బెంగ పట్టుకుంది. మా పల్లెలో నూలు వలలు కుళ్లకుండా తుమ్మచెక్క కాచిన నీళ్లలో నానబెడతారు. చేతులు పుళ్లు పడితే మనుషులూ అందులోనే ముంచుతారు, తోలు గట్టిపడుతుందని. అమ్మ పూటపూటా ముంచింది. పుళ్లు మానాయి. మురిసిపోయి నాకు చూపించింది. ఆ చేతులు నల్లబడి బిరుసెక్కిన సంగతి మా కళ్లకు ఆనలేదు. పల్లెలో అందరి చేతులూ అంతే కదా!

నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ చేతులు చూపించమనగానే అమ్మ ధీమాగా చాపింది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నాయి?"

"తుమ్మనీళ్లలో ముంచినానమ్మా. పుళ్లన్నీ మానినాయి."

డాక్టరమ్మ అమ్మను కళ్లు మూసుకోమని, తెలిస్తే చెప్పమని, సూదితో వేళ్ల కొసలు గుచ్చింది. అమ్మ పలకలేదు. గుచ్చడం నాకు కనిపిస్తోంది.

"కుష్ఠేమోనని అనుమానంగా ఉంది. ఇది పసిపిల్లల్ని ఎత్తుకునే పని. పెద్దాసుపత్రిలో చూపించుకో" అంది, మెల్లగానే. మేం లేచాక ఎవరో బల్లను ఫినాయిలుతో తుడిచారు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"నాకేం రోగం లేదు" అని అమ్మ దారంతా గొణుక్కుంది. మర్నాడు మళ్లీ సరస్సులో దిగింది. కాంట్రాక్టరు ఏనాడూ ఆమె చేతులు చూపించమనలేదు.

పెద్దాసుపత్రిలో అవునంటే పల్లె వెలేస్తుంది. అందుకని అమ్మ పోలేదు. వంట చేస్తూ చేస్తూ నిప్పు తీసి వేలికి ఆనించుకునేది. చురుక్కుమంటే ముఖం వెలిగేది. ఏమీ తెలియని రోజు ఇంకో వేలికి ఆనించి చూసుకునేది.

అంతవరకూ అన్నం కలిపి మా నోట్లో ముద్దలు పెట్టిన మనిషి, ఆ తర్వాత గరిటెతో వడ్డించి, దూరంగా జరిగి కూర్చునేది. నా చెల్లెలికి అప్పుడు రెండేళ్లు. నోరు తెరిచి, అమ్మ చేతికోసం చూస్తూనే ఉండేది.