అంతస్తు, పాత్ర, ఒక పప్పుగిన్నె

నేను ఇంటర్లో చేరేనాటికి మా వీధిలో పిల్లలు రెండే రకాలు, ఎంపీసీ వాళ్ళు, బైపీసీ వాళ్ళు. సోషియాలజీ ఉన్న గ్రూపు తీసుకున్న నేను ఏ రకమో ఎవరికీ తేలలేదు. మార్కులు చాలక చేరిందని కొందరు అనుకునేవారు. (చాలకే చేరాను. ఇప్పుడు చెప్పినా నష్టం లేదు.) కానీ రెండు నెలలు తిరిగేసరికి ఆ పుస్తకం మీద పిచ్చి ప్రేమ పుట్టింది. పెళ్ళిభోజనాల్లో ముందు బంతికి ఎవరు కూర్చుంటారో, నాన్న గుమ్మం తొక్కగానే అందరి గొంతులూ ఎందుకు తగ్గుతాయో కూడా ఒక చదువేనని అంతకుముందు నాకు తెలీదు.

నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఒకరోజు పక్కింటి ఎంపీసీ మావయ్య (కొడుకు ఎంపీసీ, పేరు తండ్రికొచ్చింది) మా ఇంట్లో టీ తాగుతూ, "బావా, ఈ సోషాలజీ సదివితే ఏటవుతాది? సొసైటీలో పని దొరుకుతాదా?" అన్నాడు. ఆయన ఉద్దేశం పాల సొసైటీ. నాన్న రెండురోజులు ఇంట్లో ఉన్నంతసేపూ పేపరు వెనకే గడిపాడు. మూడోరోజు కంచం ముందు కూర్చుని తీర్పు చెప్పాడు. "ఆ సబ్జెక్టేటో ఆదివారం మీయమ్మకి అర్థమయ్యేలా సెప్పు. అర్థమయిందంటే సదువుకో. లేదంటే సోమవారం కాలేజీకొచ్చి గ్రూపు మార్పించేత్తాను." అమ్మ తగరపువలస దగ్గర పల్లెలో ఐదో తరగతి వరకు చదివింది. నాన్న ఏరికోరి పెట్టిన పరీక్ష అది.

ఆదివారం వంటింటి గుమ్మంలో నాన్న పేపరు పట్టుకుని కూర్చున్నాడు. లోపల అమ్మ పప్పు వండుతోంది. మా స్టవ్‌కి రెండు పొయ్యిలు, ఒకటి వెలగడం మానేసి ఏడాదయింది. పుస్తకంలో ఉన్నదున్నట్టు అందుకున్నాను.

"సమాజంలో ప్రతి మనిషికీ ఒక అంతస్తు ఉంటుందమ్మా."

"మనకేటే అంతస్తు? కిందవాటాయే కదా."

"ఆ అంతస్తు కాదు, హోదా. హోదాకి తగ్గ పాత్ర కూడా ఉంటుంది."

అమ్మ పొయ్యి మీదున్న గిన్నెకేసి చూసింది. "ఏ పాత్ర?"

"గిన్నె కాదమ్మా. మనిషి చెయ్యాల్సిన పని. ఒకే మనిషికి రెండు పాత్రలుండి, రెండూ ఒకేసారి మీదపడితే దాన్ని పాత్ర సంఘర్షణ అంటారు."

"ఓలమ్మ, అది నాకు తెలీకేటి? ఒక్క పొయ్యి మీద రెండు పాత్రలెడితే ఏదో ఒకటి మాడిపోతాది."

నాన్న పేపరు దించాడు. "అర్థమయిందా నీకు?" అన్నాడు అమ్మతో. అమ్మ నాకేసి చూసింది. నాన్నకేసి చూసింది. మళ్ళీ నాకేసి చూసింది. ఈలోగా పప్పు పొంగి పొయ్యి మీద పడింది. మా అమ్మ చేతిలో పప్పు పొంగడం నేనెప్పుడూ చూడలేదు. "అయింది" అంది చివరికి. నాన్న పేపరు మడిచి లేచాడు. మాట తప్పే మనిషి కాదు. "సదువుకో" అని వెళ్ళిపోయాడు.

అంట్లు తోముతున్నప్పుడు అడిగాను, నిజంగా అర్థమయిందా అని. "నాకేటీ అవలేదు" అంది అమ్మ. "అవలేదంటే నీ సదువు పోతాది. అయిందంటే మీ నాన్నకి అబద్దం సెప్పినట్టవుతాది. పెళ్ళయిన కాడ్నుంచీ ఆయనకి అబద్దం సెప్పలేదు నాను." అని గిన్నె నా చేతికిచ్చింది. పబ్లిక్ పరీక్షలో పాత్ర సంఘర్షణను ఉదాహరణతో వివరింపుమన్నారు. ఆ ఆదివారం జరిగిందంతా రాసేశాను, పొంగిన పప్పుతో సహా. (ఎన్ని మార్కులేశారో తెలీదు. పాసయ్యాను.)

ఇప్పుడు నాది ఇంట్లోంచే చేసే ఆఫీసు పని. మా స్టవ్‌కి నాలుగు పొయ్యిలు, నాలుగూ వెలుగుతాయి. మొన్న మీటింగులో మేనేజరు నా పేరు పిలుస్తుండగానే పాప హోంవర్కు పుస్తకంతో ఏడుస్తూ వచ్చింది, వంటింట్లోంచి మాడు వాసన కూడా వచ్చింది. మీటింగు అయ్యాక అమ్మ ఫోన్ చేసింది.

"ఏటే, గొంతు అలాగుంది?"

"పాత్ర మాడిపోనాదమ్మా."



"గిన్నేనా, రెండోదా?" అంది.

రెండూనని చెప్పి, గిన్నె నీళ్ళలో నానబెట్టాను. అమ్మకి సోషియాలజీ నేర్పుతున్నాననుకున్న ఆ పదహారేళ్ళ పిల్ల గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకున్నాను.