గొంతుమావ సెలవు తీసుకుంటే నాకు పడిన దండ

బతికున్న మనిషి తన ఫొటోకి తనే దండ వేయించుకోవడం, అదీ పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చే రోజునే వేయించుకోవడం మీరెక్కడైనా విన్నారా? విని ఉండరు. అయితే కాస్త సర్దుకుని కూర్చోండి. ఆ ఘనకార్యం చేసినవాణ్ణి నేనే.

మాది కళింగపట్నం. మా నాన్న పడవేసుకుని వేటకి వెళ్ళేవాడు. నేను డిగ్రీ వెలగబెట్టి, ఎండుచేపలు నరసన్నపేట పంపే పనిలో పడ్డాను. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వస్తున్న రోజులు. సాయంత్రమైతే కుర్రాళ్ళమంతా వలలు బాగుచేసుకునే పాకలో టీవీ ముందు చేరి ఇంగ్లండువాళ్ళ ఫుట్‌బాల్ చూసేవాళ్ళం. ఆ ఆటకి వ్యాఖ్యానం చెప్పే పెద్దాయన ఒకడుండేవాడు. ఆయన పేరుకి మాకు నోరు తిరగలేదు కాబట్టి గొంతుమావ అని పెట్టేసుకున్నాం.

గొంతుమావ ఇంగ్లీషులో మాకు అర్థమైన మాట 'గోల్' ఒక్కటే. దానివల్ల లోటేమీ రాలేదు లెండి. గట్టున నిలబడి చేపల గుంపు కనిపించగానే పడవలవాళ్ళకి కేకేసే మనిషి గొంతు ఎలా లేస్తుందో, బంతి గోలు దగ్గరికొస్తుంటే ఆయన గొంతూ అలాగే లేచేది. టీవీ వంక చూడకుండా వల కుట్టుకునే ముసలివాళ్ళు కూడా ఆ గొంతు మారగానే సూది ఆపి తలెత్తేవారు.

అలాంటి గొంతుమావ ఆదివారం ఆటతో టీవీ మానేస్తున్నాడని ఫోన్లో చదివాను. పాకలో చెప్పగానే మా ఎర్రయ్య, అంటే నాకు వరసకి బావ, చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మానేసి ఏటి సేత్తాడు?"

"ఇంటికాడ కూకుంటాడు."

"మరి మనమేటి సేత్తాం?"

ఒకడు టీవీ సౌండు తీసేసి చూశాడు. తెర మీద మనుషులు ఊరికే పరిగెడుతున్నారు. "కట్టీరా బాబూ, సూడలేకున్నాం" అన్నారు ముసలివాళ్ళు. రెండ్రోజులపాటు మాకెవరికీ ఒకచోట కాలు నిలవలేదు. చివరికి నాకో ఆలోచన తట్టింది. ఆలోచనలు తట్టినప్పుడల్లా నేను కాసేపు పడుకుని ఉంటే జీవితం ఇంకా సుఖంగా గడిచేది.

మా ఊళ్ళో ఎవరికి ఉద్యోగం వచ్చినా, ఏ ఆఫీసరు బదిలీ అయినా జంక్షన్లో ఫ్లెక్సీ పడాలి. గొంతుమావకి మాత్రం ఎందుకు పడకూడదు? నరసన్నపేటలో ఫ్లెక్సీలు వేసే గురువులుకి ఫోన్ చేశాను.

"పొటో పంపు తమ్ముడూ" అన్నాడు.

అక్కడొచ్చింది చిక్కు. ఇన్నేళ్ళుగా గొంతు వినడమే తప్ప మేమెవరమూ ఆయన మొహం చూడలేదు. నెట్లో వెతికితే గోరంత బొమ్మ దొరికింది. పెద్దది చేస్తే మొహం గళ్ళ లుంగీలా తయారైంది.

"పొటో లేకుండా పెలెక్సీ ఏటి బాగుంటాది? నీ పొటో ఎట్టీ. అభిమానివి గదా" అన్నాడు గురువులు.

నిజం చెప్పొద్దూ, ఆ మాట కోసమే నేను కాచుకుని ఉన్నాను. పెళ్ళిచూపుల కోసం స్టూడియోలో చేతులు జోడించి దిగిన ఫొటో ఒకటి వృథాగా పడుంది. పంపించాను. రాయాల్సింది ఫోన్లోనే చెప్పాను: "ఇక మీ గొంతు మాకు వినపడదు. మా గుండెల్లో ఎప్పటికీ ఉంటారు. కన్నీటి వీడ్కోలు. ఇట్లు కళింగపట్నం కుర్రాళ్ళు." పేరెందుకు, అందరికీ తెలుసు కదా అనుకున్నాను. గురువులు తన మంచితనం కొద్దీ ఫొటోకి బంతిపూల దండ వేసి, అటూ ఇటూ రెండు దీపాలు పెట్టాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఇంతలో ఇంకో కబురు. ఆ ఆదివారమే నీలవేణివాళ్ళు మా ఇల్లు చూసి సంబంధం ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు. నీలవేణిది నరసన్నపేట. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు కాఫీ ఇచ్చి, "ముసురట్టుకుంటే మీ సేపలెక్కడ ఎండేత్తారు?" అని అడిగింది. అంత తెలివైన ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ పిల్ల తప్ప ఇంకెవరూ వద్దని ఆ పూటే అనేసుకున్నాను. వాళ్ళ నాన్న దానయ్య మాత్రం ఇంకా ఊగిసలాడుతున్నాడు.

ఆదివారం మా అమ్మ నన్ను గడప దాటనివ్వలేదు. పొద్దున్నే ఎర్రయ్య ఫోన్ చేశాడు.

"బావా, పెలెక్సీ కట్టేసినాం. అదిరిపోనాది!"

"జనం సూస్తన్నారా?"

"సూడ్డమేటి, బస్సు దిగినోల్లు దండమెట్టి యెల్తన్నారు. ఇద్దరు ఆడోల్లు కళ్ళొత్తుకున్నారు!"

గొంతుమావకి పొరుగూళ్ళలో కూడా ఇంత అభిమానం ఉందా అని నా ఛాతీ ఉబ్బిపోయింది. నవ్వుకోండి, మీదేం పోయింది!

నాలుగింటికి రావాల్సినవాళ్ళు ఐదైనా రాలేదు. వీధిలోకి, వంటింట్లోకి, మళ్ళీ వీధిలోకి తిరుగుతూనే ఉన్నాను. ఇటు పెళ్ళివారు రారు, అటు గొంతుమావ ఆఖరి ఆట మొదలైపోతుంది. "కూకోరా, ఇస్త్రీ నలిగిపోతాది" అని అమ్మ గోల. అంతలో ఫోన్ మోగింది. నీలవేణి!

"హలో" అన్నాను.

అటునుంచి కెవ్వున కేక. తర్వాత వెక్కిళ్ళ మధ్య, "ఎవులు?"

"నేనే, తాతారావుని."

"సచ్చిపోయినోడివి ఫోనెలాగెత్తినావు?"

"నానెప్పుడు సచ్చిపోనాను?"

"జంక్షన్ల నీ పొటోకి దండేసి ఉన్నాదంట. మా నాన్న ఇప్పుడే ఫోన్ సేసి ఎనక్కొచ్చీతన్నాం అన్నాడు. నమ్మలేక సేసినాను!"

చెప్పులు కూడా వేసుకోకుండా, చేతిలో ఫోన్ అలాగే పట్టుకుని జంక్షన్‌కి పరిగెత్తాను. అక్కడ దానయ్య ఆటో పక్కన తల పట్టుకుని నిలబడ్డాడు. నీలవేణి నాయనమ్మ ఫ్లెక్సీ కింద కూలబడి, "పీటల మీద కూకోవాల్సినోడివి పొటోలో కూకున్నావా నాయనా" అని రాగం తీస్తోంది. పైన నేను. చేతులు జోడించి, దండతో, దీపాల మధ్య. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఫొటోలో చాలా బాగున్నాను.

"మావా!" అన్నాను.

దానయ్య హడలిపోయి ఆటో చాటుకి దూరాడు. ముసలమ్మ రాగం ఆపి ఫ్లెక్సీని చూసింది, నన్ను చూసింది. వంగి నా కాళ్ళు పట్టుకుని పరీక్షగా తడిమింది.

"ఒరే దానయ్యా, మడాలు ఎనక్కి తిరిగి లేవురా! మనిసే!"

దానయ్య మెల్లగా బయటికొచ్చాడు. "మరైతే ఎవులు పోనారు?"

"ఎవులూ పోలేదు మావా. టీవీల బంతాట సెప్పే పెద్దాయన ఉద్యోగం మానెత్తన్నాడు."

"ఆయన మానెత్తే నీకు దండెందుకురా?"

నేను తలెత్తి, దండతో ఉన్న నా వంకే చూసుకున్నాను.

"బతికుండగానే దండేయించుకున్న ఎర్రోడికి నా పిల్లనివ్వను. ఆటో తిప్పరా!" అన్నాడు దానయ్య. నా గుండె ఆగినంత పనైంది. ఫ్లెక్సీ నిజమయ్యేలా ఉంది.

అప్పుడు నా చేతిలోంచి గొంతు వినిపించింది. నేను ఫోన్ కట్టెయ్యడం మరిచిపోయాను.

"నాన్నా! ఆటో ఎక్కకు!"

"ఏటే?"

"ఈడి కోసం ఏడాల్సిన ఏడుపంతా ఏడిసీసినాను. ఇంకొకుణ్ణి తెచ్చి మల్లీ మొదలెట్టమంటే నావల్ల కాదు!"

దానయ్య ఫోన్ వంక, నా వంక, ఫ్లెక్సీ వంక చూశాడు. ముసలమ్మ కళ్ళు తుడుచుకుని, "నానూ ఏడిసీసినాన్రా" అంది. దాంతో సంబంధం ఖాయమైపోయింది. ఇల్లు చూసి, మాటలూ టిఫిన్లూ ముగించి అందరం పాక చేరేసరికి ఆట అయిపోయింది. గొంతుమావ చివరి మాటలేవో చెబుతున్నాడు. అర్థం కాకపోయినా అందరం ఏడ్చాం. ఆయన కోసమో, నేను గండం గట్టెక్కినందుకో నాకే తెలియదు.

మా పెళ్ళికి కూడా అదే జంక్షన్లో ఫ్లెక్సీ కట్టారు. నా ఫొటో వేస్తే ఊరుకోనని నేనే పట్టుబట్టాను. అందులో నీలవేణి ఒక్కతే నవ్వుతూ ఉంది. వచ్చినవాళ్ళంతా పెళ్ళికొడుకెవరని అడుగుతూ వచ్చారు. అడగనివ్వండి. సముద్రం సాక్షిగా, వంశధార సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇకమీదట టీవీ ఎవరు మానేసినా, ఊరు ఎవరు వదిలినా, నాకు నేనుగా ఫ్లెక్సీ ఎక్కను. ఎక్కించాల్సిన రోజు వస్తే ఆ పనేదో మీరే చూసుకోండి.