అంటు మొక్క దొరకని దీవి

మా చెల్లెలు కుప్పంలో వాళ్ల ఇంటి మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పెద్ద కట్టు వేసి మంచం మీద పడుకోబెట్టారు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఆమె కూతురు ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసులో చెప్పి వచ్చింది. అమ్మకు పొద్దు గడవడానికి ఆఫీసు స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చిన వీడియో గేమ్ యంత్రం చేతికిచ్చింది.

ఆ ఆటలో ఒక దీవి ఉంటుంది. మనకొక చిన్న ఇల్లు, ఇరుగుపొరుగున మనుషుల్లా మాట్లాడే మేకలు, పిల్లులు, కోళ్లు. చేపలు పట్టుకోవచ్చు, చెట్లు పెంచుకోవచ్చు. గెలవడం ఓడడం అంటూ లేదు. మదనపల్లెలో మా కోడలి దగ్గరా అదే ఆట ఉంది. చెల్లెలు పట్టుబట్టడంతో మధ్యాహ్నం పూట నేనూ ఒక దీవికి ఆసామినయ్యాను. పుంగనూరులో ఉన్న మా తమ్ముడు కొడుకు దగ్గరి యంత్రం లాక్కుని మూడో దీవి తెరిచాడు.

ఒక్కో దీవిలో ఒక్క రకం పండే కాస్తుంది. నా దీవిలో బేరికాయలు, చెల్లెలి దీవిలో ఆపిళ్లు, తమ్ముడి దీవిలో పీచ్ పండ్లు. మిగతా రకాలు కావాలంటే వేరేవాళ్ల దీవికి పోయి తెచ్చుకోవాలి. చెల్లెలికి కావలసింది అదే.

"అన్నా, నాయన బాయి గట్టున రకానికొగ సెట్టు పెట్టిండె కదా. అట్ల అన్ని రకాలూ ఒగే వరసలో నా దీవిలో ఉండాల. అవి కాస్తే సూడాల నేను," అంది ఫోనులో. "మంచం మీద పడుకోని ఈ గోడనే ఎంతకని సూసేది?"

నా ఉద్యోగమంతా తోటల శాఖ నర్సరీల్లో గడిచింది. బేనీషా, తోతాపురి, నీలం, మల్లిక... ఎన్ని అంటు మొక్కలు నా చేతి మీదుగా పోయాయో. రకాలు చేర్చే పని నాకొదిలెయ్ అన్నాను. ఏ రకం ఎక్కడి నుంచి తేవాలో, ఎక్కడ నాటాలో చిన్నప్పటి అలవాటుగా డైరీలో రాసుకుని మొదలుపెట్టాను.

పద్ధతిగా చేసే మనిషికి ఆ ఆట పరమ శత్రువు. ఒడ్డున ఉన్న చిన్న కొబ్బరి మొక్కను తవ్వి తెచ్చి మంచి నల్లమట్టిలో, తోట మధ్యలో పెట్టాను. అది పెరగదట, ఇసుకలోనే పెరుగుతుందట. దీవిలో ముందే ఉన్న బేరికాయ మొలకలను పెకలించి చక్కగా వరుసలు తీసి పెట్టాను. రెండు చెట్లు మరీ దగ్గరైతే మొలక దగ్గరే నిలిచిపోతాయట. ఎంత దూరం ఉండాలో ఎక్కడా రాసి ఉండదు. నిలిచిపోయిన మొలకను చూసి మనమే తెలుసుకోవాలి. ఎరువు లేదు, నీళ్లు లేవు, పురుగు లేదు. దేన్ని సరిచేస్తే చెట్టు పెరుగుతుందో చెప్పే మనిషి లేడు. ఒకరోజు కోపంతో యంత్రం మూసేసి, సాయంత్రం మళ్లీ తెరిచాను.

నారింజ, చెర్రీ రకాలను మేనకోడలు తన ఆఫీసు స్నేహితుల దీవుల నుంచి తెప్పించింది. వాటిని వాళ్లమ్మ దీవిలో తనే నాటేసింది. ఎట్లా నాటావని నేను అడగలేదు. అడగాల్సింది. కొబ్బరి కూడా వాళ్ల సముద్రపొడ్డున లేచింది. మిగిలింది పీచ్ ఒక్కటే.

తమ్ముడు నా దీవికి వచ్చి ఒక బుట్టెడు పీచ్ పండ్లు పడేసి పోయాడు. "నీకు కొన్ని, సెల్లికి కొన్ని," అన్నాడు. అప్పుడు నేను చేసిన పనిని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. మా వైపు కొత్త కాపు ఇంటికొస్తే మొదటి పండు దేవుడికి, తర్వాత చుట్టుపక్కల ఇళ్లకు. అట్లాగే ఒక పండును దీవిలోని నా ఇంట్లో దీపం ముందు బల్ల మీద పెట్టాను. తక్కినవన్నీ మేకకు, పిల్లికి, కోళ్లకు పంచిపెట్టాను. మేక చాలా సంతోషించింది. చెల్లెలికి మాత్రం పండు ఇవ్వలేదు. ఆమెకు కావలసింది చెట్టు. టెంక నుంచి మొలిచిన చెట్టు తల్లిలా కాస్తుందన్న నమ్మకం లేదని ఎంతమంది రైతులకు చెప్పి ఉంటానో. మంచి పీచ్ అంటు మొక్క దొరికాక తీసుకుపోయి నాటుదామనుకున్నాను.

దీవిలో ఒక అంగడి ఉంది. రోజూ పోయాను. పూల విత్తనాలు ఉండేవి, ఏవో కాయలు కాయని చెట్ల మొక్కలు ఉండేవి. అంటు మొక్కలు ఎప్పుడొస్తాయని అడిగే వీలు లేదు. అంగడివాడు నవ్వుతాడు, చొక్కా అమ్మజూపుతాడు. ఇట్లా ఎదురుచూస్తూ ఉండగా మేనకోడలు ఫోను చేసింది.

"మామా, నన్ను ఆఫీసుకు రమ్మన్నారు. రేప్పొద్దున రైలుకి పోతాండా. యంత్రం స్నేహితురాలిది కదా, తీసకపోవాల. అమ్మ పీచ్ సెట్టు, పీచ్ సెట్టు అంటాండాది. ఏమాయె?"

"అంటు మొక్క అంగడికి రాలేదమ్మా."

"ఏం మొక్క?"

చెప్పాను. అవతల నుంచి పెద్ద నవ్వు.

"మామా! పండునే గుంతలో పూడ్సాల. అట్లే సెట్టొస్తాది."

"పండునా? టెంకతో సహానా?"

"పండంతా. ఏ పండు పూడిస్తే అదే కాస్తాది."

ఏ పండు పూడిస్తే అదే కాస్తుంది! అట్లాంటి నేల ఉంటే మా శాఖే అక్కర్లేదు. నాకు నవ్వు రాలేదు. డైరీ తీశాను. నా చేతిరాతే: పీచ్ పండ్లు అన్నీ పంచడమైనది.

పుంగనూరు దూరమేమీ కాదు. ఇంకో పీచ్ పండు అడగాలి, ఫోనులో తమ్ముడితో తేలదని కోడలి యంత్రం సంచిలో వేసుకుని బస్సెక్కాను. తమ్ముడు ప్లాట్లు అమ్మిస్తుంటాడు. ఇంటి అరుగు మీద కూర్చుని తన దీవి తెరిచి చూపించాడు. చెట్టన్నది లేదు. దీవి అంతా గీతలు గీసినట్టు రోడ్లు, మూలల్లో రాళ్లు.

"పీచ్ సెట్లు యాడ?"

"కొట్టేసినా అన్నా. లేఅవుట్ యేసినా. సూడు, నలభై అడుగుల రోడ్డు."

"ఒక్కటన్నా ఉంచకపోతివా?"

"రోడ్డుకి అడ్డమొస్తాండె. నీకు బుట్టెడు ఇస్తి కదన్నా, యేం జేస్తివి?"

"పంచిపెట్టినా."

"ఎవరికి?"

"మేకకు."

తమ్ముడు అరుగు మీద నుంచి లేచి లోపలికి పోయి, వాళ్లావిడతో చెప్పి, ఇద్దరూ నవ్వుకుని మళ్లీ వచ్చారు. మరదలు కాఫీ ఇస్తూ, "బావా, మేక మళ్లీ ఇస్తాదేమో అడగరాదా?" అంది. కాఫీ తాగకుండా లేచాను. దీవి కొనడానికి ఎవడొస్తాడు, ఎవరికి అమ్ముతావు అని అడిగితే, ముందు రోడ్డుంటే జనం వాళ్లే వస్తారన్నాడు. ఒంటి చేత్తో తోటను నరికి రోడ్డు వేసే బుద్ధి ఆటలో కూడా పోలేదు.

బస్టాండులో కూర్చుని ఇంటికి ఫోను చేశాను. నా భార్యకు ఆ ఆటంటే గిట్టదు. మధ్యాహ్నం కునుకు చెడగొట్టిందని దాని మీద పగ. అయినా నా గోడు మొత్తం విన్నది.

"పీచ్ పండు లేదంటారేంది? దేవుడి ముందర పెట్టినారు కదా."

"అది పెట్టి యెన్ని దినాలాయె. ఇంకా ఉంటాదా?"

"మన ఇంట్లో అయితే కుళ్లిపోయుంటాది. ఆడ ఈగలేమన్నా ఉండాయా?"

బెంచీ మీదే యంత్రం తెరిచాను. ఇంట్లోకి పోయాను. దీపం ముందు పీచ్ పండు పెట్టింది పెట్టినట్టే ఉంది, బుగ్గ మీద ఎరుపు కూడా తగ్గలేదు. నివేదించిన పండు ఆ పూటే పంచేస్తాం, లేకపోతే రెండోరోజుకు పారేస్తాం. అది ఇంకా ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ప్రసాదమే కదా, పూడ్చొచ్చా అని భార్యనే అడిగాను. "చెల్లెలికిచ్చేదానికి అడగాల్నా?" అంది.

పలమనేరులో బస్సు మారాను. శాంతిపురం దాటేదాకా గ్రానైటు లారీల వెనకే పోయాం. సాయంత్రానికి కుప్పం చేరాను.

చెల్లెలు దిండ్లకు ఆనుకుని కూర్చుంది. మేనకోడలు అప్పటికే పెట్టె సర్దుతోంది. రెండు యంత్రాలూ పక్కపక్కన పెట్టి, నేను చెల్లెలి దీవిలో దిగాను. వరుసలో ఆపిల్, నారింజ, చెర్రీ; దిగువన ఒడ్డు మీద కొబ్బరి; నేను మొక్కగా తవ్వి తెచ్చిచ్చిన బేరికాయ. చివర ఒక చోటు ఖాళీగా ఉంచుకుంది. నేను ఆ పీచ్ పండు ఇచ్చాను, చెల్లెలు గుంత తవ్వి పూడ్చింది. చిన్న మొలక లేచింది.

"కాసేది ఎప్పుడు?" అంది చెల్లెలు.

"కొన్ని దినాలు పడుతుంది," అన్నాను. రేపు పొద్దున రైలు. ఇద్దరం ఆ మొలకనే చూస్తూ కూర్చున్నాం. పీచ్ పండు మేకకు పెట్టిన మనిషిని నేనొక్కడినే ఆ గదిలో.

మేనకోడలు పెట్టె మూస్తూ, "యంత్రంలో తేదీ ముందరికి జరిపితే సరి. ఆడ దినాలు గడిచిపోతాయి, సెట్టు పెరిగిపోతాది," అంది.

"తేదీని జరిపేదా?" అన్నాను. నిజంగానే ఒళ్లు మండింది. బడికి పోయే నాటి నుంచి డైరీలో ఒక్క రోజు కూడా ముందుకీ వెనక్కీ రాయలేదు నేను. జ్వరం వచ్చిన రోజూ రాశాను, నాయన పోయిన రోజూ రాశాను. "చెట్టు పెరగాలంటే కాలం పట్టాల. అట్ల జరిపి చూసే దాన్ని కాపు అంటారా?"

"అన్నా," అంది చెల్లెలు. "తేదీ జరిపితే నా కాలు బాగయితాదా?"

"యాడ అయితాది?"

"కాదు కదా. మరి సెట్టన్నా కాయనీ. నువ్వు డైరీలో ఈ పొద్దుదే రాసుకో, ఎవురొద్దన్నారు?"

మేనకోడలు నా ముఖం చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను. అది ఒప్పుకున్నట్టే అనుకున్నారు ఇద్దరూ. తేదీ జరిపారు, తెరిచారు, మూశారు, మళ్లీ జరిపారు. నేను తిరిగి చూసేసరికి వరుస చివర పీచ్ చెట్టు నిండా కాసి ఉంది. చెల్లెలు యంత్రం అందుకుంది. ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి తన బొమ్మను నడిపించుకుంటూ పోయింది. నడిచింది, నడిచింది. మేనకోడలు అన్నానికి పిలిచినా యంత్రం దించలేదు.

ఆ రాత్రి డైరీ తెరిచి చాలాసేపు కలం పట్టుకునే ఉన్నాను. ఆ చెట్టు కాసిన తేదీ ఇంకా రానే లేదు. చివరికి ఆ పూట తేదీ కిందే, చెల్లెలు పీచ్ కాపు చూసింది అని రాశాను. ఇప్పటికీ ఆ పేజీ దగ్గరికి వస్తే చిరాకే.

పొద్దున మేనకోడలిని రైలెక్కించి వస్తుంటే తమ్ముడు ఫోను చేశాడు.

"అన్నా, ఒగ పీచ్ పండు పంపీ. సెట్టు లేకపోతే ప్లాట్ల కాడ నీడ లేదు, ఎవురూ నిలబడ్డం లేదు."

రాత్రి చెల్లెలి చెట్టుది ఒకటి కోసి నా దీవికి తెచ్చుకున్నాను, అది పంపిస్తానన్నాను. వచ్చింది వచ్చినట్టే గుంతలో పూడ్చమన్నాను.

"టెంకతో సహానా?" అన్నాడు.

ఫోను పెట్టేశాను.