రాత్రి ఏం కూరండి?

కొవ్వూరులో రొయ్యల వ్యాన్లు తిప్పే కంపెనీలో నేను డ్రైవరుగా చేరినప్పుడు, మాకు బండి తాళాలిచ్చే సూపర్‌వైజరు గారొకరు ఉండేవారు. పొద్దున్నే తాళం గుప్పిట్లో పట్టుకుని ప్రతి డ్రైవరునీ ఒకే మాట అడిగేవారు.

“రాత్రి ఏం కూరండి?”

నిద్ర సరిపోయిందా అని అడిగితే ఎవరైనా సరిపోయిందనే అంటారు. కూర పేరు చెప్పమంటే మాత్రం నిద్ర లేనివాడు తడుముకుంటాడు. ఆయన వినేది కూర పేరు కాదు, చెప్పేముందు మేం ఎంతసేపు ఆగామన్నది.

పెద్దాపురం జాతరలో తెల్లవార్లూ తిరిగి నేరుగా డ్యూటీకి వచ్చిన రోజు నేను ఆగిపోయాను. ఆయన గుప్పిట విప్పలేదు. బండిలో సరుకు నిండుగా ఉంది, వేరే డ్రైవరు లేడు. ఓనరు గారు పరుగున వచ్చారు.

“ఐసు కరిగిపోతోందండి. తాళం ఇచ్చేయండి.”

“ఐసు మళ్లీ వేయిద్దామండి. ఈయన్ని మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తాం?”

నన్ను ఆఫీసు బల్ల మీద పడుకోబెట్టి, మధ్యాహ్నం లేపి, మళ్లీ కూర అడిగాకే పంపారు. ఆ రోజంతా ఆయన మీద నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

కొన్నాళ్లకు ఆయన భార్యను ఆసుపత్రిలో చేర్చారు. రెండు రాత్రులు ఆవిడ మంచం పక్కనే కూర్చుని, పగలు డ్యూటీకి వచ్చారు. రెండో సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ తన మోటార్‌సైకిల్ తాళం నా చేతిలో పెట్టారు.

“అడగండి” అన్నారు.

“రాత్రి ఏం కూరండి?”

ఆయన నా వంక చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి నా గుప్పిట తనే మూసి, బస్టాండు వైపు నడిచారు.