గూబ విన్న పేరు

నాది మూడో తరగతి చదువు, తప్పులుంటే మన్నించండి.

యుద్ధం రోజుల్లో, నా పెళ్లయిన కొత్త. బెంగళూరు నుంచి వచ్చిన దొరకూ దొరసానికీ ఆనేకల్ అడవిలో అరుదైన గూబను చూపించడానికి మా ఆయన బయలుదేరాడు. దొరసానికి తోడుగా నేనూ వెళ్లాను.

“గూబ ముందర ఎవురి పేరూ పలకొద్దు. పేరు విన్నాదంటే ఆ మనిషిని పిల్చుకోని పోతాది” అన్నాడు మా ఆయన నాతో.

“మొగుని పేరు నేనెట్ల పలుకుతాను?” అని నవ్వాను.

మసక చీకట్లో, చెట్టు మీద ఆడమనిషి ఏడ్చినట్టు అరుపు. ముందు నడుస్తున్న మా ఆయన కనిపించలేదు. భయంతో పేరు పెట్టి అరిచేశాను.

గూబ ఏడుపు ఆపి, తల తిప్పి నన్నే చూసింది.

కాలు జారి పడిన ఆయన పొదలోంచి లేచాడు. “ఎంత పని చేస్తివే!” అన్నాడు.

ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. అయినా గూబ కూసిందంటే, పడుకున్న ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఆ పేరు ఇక్కడ కూడా రాయలేదు.