ఎర్ర లైటు కింద నా సంతకం

2024 వానాకాలం. నర్సీపట్నంలో నాది ఫ్రిజ్ రిపేరు షాపు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. అప్పటినుంచి ఫ్రిజ్‌లే నా చదువు. ఆ ఏడాది ఒక కంపెనీ వాళ్లు ఏజెన్సీ కొండల్లోని ఆస్పత్రుల్లో చిన్న పెట్టెలు బిగించే పని నాకు అప్పగించారు.

టీకాలు ఉంచే ఫ్రిజ్‌ని ఐఎల్‌ఆర్ అంటారు. లోపల రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి, వేడెక్కితే మందు పాడు. ఫోన్ సిగ్నల్ లేని చోట మా పెట్టె ఆ లెక్కని శాటిలైట్‌కి పంపుతుంది. డిగ్రీలు దాటితే నా ఫోన్‌కి అలారం వస్తుంది. ‘అందింది’ అని వచ్చే తిరుగు కబురుని యాక్ అంటారు. అది వచ్చేదాకా పెట్టె మీద ఎర్ర లైటు, వచ్చాక పచ్చ లైటు. రాకపోతే పెట్టె అదే కబురు మళ్లీ పంపుతుంది. అది రీట్రాన్స్‌మిషన్.

ఒక కొండ ఆస్పత్రిలో టీకాల బాధ్యత రత్నం గారనే నర్సుది. ఏది చెప్పినా పుస్తకంలో రాసుకునే మనిషి. పెట్టె బిగించిన రోజు అడిగారు.

“ఎర్ర లైటు ఎంతకీ పోకపోతే ఏటి సెయ్యాల బాబూ?”

“నా బండికి నేను సేసేదేనండి. రెండు తిట్లు తిట్టి, ఆపీసి మల్లీ ఎయ్యండి.”

ఆవిడ రాసుకున్నారు. నేను నవ్వుకుంటూ కొండ దిగాను.

మూడు వారాలు తిరక్కుండానే ఓ సోమవారం పొద్దున్న రమ్మని కబురు. వానలకి కరెంటు వచ్చీ పోతూ కంప్రెసర్ రిలే కాలిపోయింది. శనివారం సాయంత్రం బాగానే ఉన్న ఐఎల్‌ఆర్ సోమవారానికి పదమూడు డిగ్రీలకి ఎక్కింది. ఒక్క బిడ్డకీ ఆ టీకా వెయ్యలేదు, అదే అదృష్టం. మందు మాత్రం పారబొయ్యాల్సిందే. నాకు అలారం ఎందుకు రాలేదా అని పెట్టెలోని చిట్టా తీశాను. ఆదివారం పగలంతా పదకొండుసార్లు ఆపి వేశారు. ఆ రాత్రి కరెంటే లేదు, పెట్టె కూడా ఆగిపోయింది. ఆపిన ప్రతిసారీ పెట్టె తన చేతిలో ఉన్న కబురు మరిచిపోయి, శాటిలైట్‌ని మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటుంది.

విచారణకి వచ్చిన ఆఫీసరుగారికి ఆ చిట్టా ఇచ్చింది నేనే. ఫ్రిజ్ చెడిన సంగతి దాచడానికే పెట్టె ఆపారని ఆయన తేల్చారు. రత్నం గారికి సస్పెన్షన్ తప్పేలా లేదు. ఆవిడ మాత్రం, ఆదివారం తనకి సెలవనీ, లైటు ఎర్రగా ఉంటే ఆపి వెయ్యమని డ్యూటీ ఆయాకి తనే నేర్పాననీ చెప్పి ఊరుకున్నారు. మీకెవరు నేర్పారని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

వరండాలో ఆవిడని పట్టుకున్నాను. “నా పేరు సెప్పలేదేటండి?”

“నువ్వు సరసానికన్నావు. నిజమనుకున్నది నేను గదా.” పుస్తకం చంకలో పెట్టుకుంటూ అన్నారు, “తిట్లు మాత్రం తిట్టలేదు బాబూ.”

ఎవరు ఏమన్నా నవ్వొచ్చే మనిషిని నేను. ఆ మాటకి రాలేదు. లోపలికెళ్లి, ఆపి వెయ్యమని చెప్పింది నేనేనని ఆఫీసరుగారికి చెప్పాను. రాసిమ్మన్నారు. ఏడో తరగతి తెలుగులో అరపేజీ రాశాను. ఒత్తులు ఎన్ని తప్పాయో గానీ విషయం తప్పలేదు. ఆవిడ ఉద్యోగం నిలిచింది. నాకు కంపెనీ పని నెలరోజులు ఆగింది.

ఖాళీగా ఉండి ఏం చేస్తాను? కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేసి, ఆ ఎర్ర లైటు గంటల తరబడి ఎందుకుండాలని అడిగాను. శాటిలైట్ కబురు తీసుకుంటుంది, ఎక్కడో నేల మీదున్న గ్రౌండ్ స్టేషన్‌లో దింపుతుంది, వాళ్లిచ్చిన యాక్ మరో శాటిలైట్ మన కొండ మీదికి వచ్చినప్పుడే దిగుతుంది అన్నాడు.

“సార్, నర్సీపట్నం బస్సు కండక్టరుకి కవరిచ్చామనుకోండి. ముట్టిందని అతను తలూపితే సాలదా? జవాబు రేపటి బస్సుకొచ్చేదాకా రోడ్డు మీదే నిలబడాలా?”

అతను నవ్వలేదు. కొత్త శాటిలైట్లకి అలా తలూపే తెలివి ఉందనీ, పెట్టెలో ఆ సెట్టింగ్ ఎవరూ పెట్టలేదనీ ఒప్పుకున్నాడు. ఇప్పుడు శాటిలైట్ అందుకున్న నిమిషంలోనే పసుపు లైటు వెలుగుతుంది. గ్రౌండ్‌కి చేరాక పచ్చ. అప్పటిదాకా పెట్టె కబురు నకలు దాచుకుంటుంది, ప్రతి కబురుకీ ఒక నంబరు వేసి, మధ్యలో ఏ నంబరు పోతే దాన్నొక్కదాన్నే మళ్లీ పంపుతుంది. లోపల బ్యాటరీ కూడా పెట్టారు, కరెంటు పోయినా ఏదీ మరిచిపోదు.

కొత్త పెట్టె బిగించడానికి రత్నం గారి దగ్గరికే ముందు వెళ్లాను. పెట్టె కింద ‘ఎర్ర లైటు ఉంటే ఏమీ చెయ్యొద్దు, ఆపొద్దు’ అని కాగితం అంటించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“ఇది సరసమా, నిజమా?”

“నిజమేనండి.”

“అయితే సంతకం ఎట్టు.”

పెట్టాను. నా హాస్యాలు నేనింకా మానలేదు, మానితే షాపుకి ఎవరొస్తారు? కాకపోతే మన మాట అవతలివాళ్లకి ఎలా ముట్టిందో తెలుసుకోకుండా కొండ దిగకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏ ఆస్పత్రిలో పెట్టె బిగించినా, కాగితం మీద ఏం రాశానో వాళ్లచేతే చదివించి, నాకు తిరిగి చెప్పమంటాను. ఆ తరవాతే కింద సంతకం.